లంకెల సాక్ష్యం

పాఠ్యభాగ ఉద్దేశం

అంతర్జాలంలో ఒక విషయాన్ని వెదికినప్పుడు కొన్ని పుటలు ముందుగా, మరికొన్ని ఎంతో వెనుకగా కనిపిస్తాయి. ఆ వరుసను నిర్ణయించడంలో జాలపుటల మధ్య ఉండే లంకెలు నిర్వహించే పాత్రను వివరించడం, ఆ వరుసను ఎంతవరకు విశ్వసించవచ్చునో విద్యార్థులు వివేచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పిల్లలమర్రి అనే పేరు దక్షిణ తెలంగాణలో ఒకటికి మించిన అర్థాలను స్ఫురింపజేస్తుంది. పాలమూరు సీమవారికి అది మహబూబ్‌నగర్ పట్టణ సమీపంలో దాదాపు 3 ఎకరాల మేర విస్తరించిన వటవృక్షం. దాని వయస్సు 700 ఏండ్లకు పైబడినదని ప్రతీతి. నల్లగొండ సీమవారికి అది సూర్యాపేటకు చేరువలోని ఒక గ్రామం. కాకతీయుల సామంతులైన రేచర్ల వంశీయులు 13వ శతాబ్ది తొలినాళ్లలో నిర్మింపజేసిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు అక్కడ ఉన్నాయి. పూర్వం నల్లగొండ జిల్లాలో ఉన్న ఈ గ్రామం 2016లో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో చేరింది. సాహిత్య విద్యార్థికి మాత్రం ఆ పేరు వినగానే శృంగార శాకుంతలం, జైమిని భారతం రచించిన 15వ శతాబ్ది కవి పిల్లలమర్రి పినవీరభద్రుడు గుర్తుకు వస్తాడు. చెట్టు, ఊరు, కవి - ఒకే పేరుకు ఇన్ని గమ్యాలు.

ఒక విద్యార్థి ఈ ఐదు అక్షరాలను శోధన యంత్రానికి అందించాడనుకుందాం. వాడుకలో సెర్చ్ ఇంజన్ అని పిలిచే ఆ యంత్రానికి పాలమూరు తెలియదు, సూర్యాపేట తెలియదు, శాకుంతల కథ అసలే తెలియదు. అయినా అది క్షణకాలంలో వందలాది పుటలను వరుసగా పేర్చి చూపుతుంది. మొదటి స్థానం దేనికి ఇవ్వాలో, నూరవ స్థానం దేనికి ఇవ్వాలో అది ఏ ఆధారంతో నిర్ణయిస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం తెలియని పాఠకుడు ముందు కనిపించినదే ప్రధానమని, కనిపించనిది లేనేలేదని భావించే ప్రమాదం ఉన్నది.

మాటల లెక్క

1990వ దశకంలో వెలువడిన తొలితరం శోధన యంత్రాలు ప్రధానంగా పుటలోని మాటలపై ఆధారపడేవి. వెదికిన పదం పుట శీర్షికలో ఉన్నదా, పుటలో ఎన్నిసార్లు ఉన్నది అని అవి లెక్కించేవి. ఈ పద్ధతిలోని లోపం త్వరలోనే బయటపడింది. ఒక వ్యాపారి తన పుటలో ఏదో ఒక పదాన్ని వందసార్లు రాసి, చదువరి కంటికి కనబడకుండా ఆ అక్షరాలకు పుట రంగునే వేస్తే యంత్రం మోసపోయేది. శాసనపాఠాన్ని శ్రమించి ప్రకటించిన పండితుని పుటలో ఊరిపేరు రెండుసార్లే రావచ్చు. పేరు జపించినవాడు ముందుకు, విషయం తెలిసినవాడు వెనుకకు వెళ్లే స్థితి ఏర్పడింది. తనను గురించి తాను చెప్పుకొన్న మాట ఎంత పెద్దదైనా సాక్ష్యం కాజాలదు.

లోకవ్యవహారంలో ఈ చిక్కును పెద్దలు ఏనాడో పరిష్కరించుకొన్నారు. గ్రామంలో పొలం గట్టు విషయమై తగవు వచ్చినప్పుడు వాది, ప్రతివాదుల మాటలతోనే తీర్పు చెప్పరు. ఇరుగుపొరుగు రైతులను పిలిచి విచారిస్తారు. వారిలోనూ ఎవరి మాటకు ఎంత విలువ ఇవ్వాలో ఆలోచిస్తారు. న్యాయదర్శనం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానంతోపాటు శబ్దాన్ని కూడా ప్రమాణంగా అంగీకరించింది. అయితే ఎవరి మాటైనా ప్రమాణం కాదు. విషయమెరిగి, ఉన్నదున్నట్లు చెప్పే ఆప్తుని వాక్యమే ప్రమాణం. శోధన యంత్రాల చరిత్రలో వచ్చిన గొప్ప మార్పు ఈ సూత్రాన్ని గణితంలోకి తీసుకొనిరావడమే.

లంకె ఒక సాక్ష్యం

ఒక జాలపుటలోని మాటను నొక్కగానే మరొక పుట తెరుచుకొంటుంది. ఆ మాటకు వెనుక ఉన్న దారినే లంకె లేదా లింకు అంటారు. ఒక పుటను రాసిన వ్యక్తి వేరొకరి పుటకు లంకె ఇచ్చాడంటే, 'ఈ విషయం అక్కడ ఉన్నది, చూడదగినది' అని చదువరికి చెప్పినట్లే. తెలుగు కావ్యాల అవతారికలలోని పూర్వకవి స్తుతి ఇటువంటిదే. పోతన భాగవతావతారికలో వ్యాస వాల్మీకులతోపాటు నన్నయ, తిక్కనలను కూడా స్మరించాడు. తరువాతి కవులెందరో అదే మార్గాన్ని అనుసరించారు. ఈ స్మరణలన్నింటినీ ఒకచోట చేర్చి లెక్కిస్తే, కావ్యాలను చదవకపోయినా ఏ కవిని పరంపర గౌరవించిందో చెప్పవచ్చు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులైన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ 1990వ దశకం చివరి సంవత్సరాలలో ఇటువంటి ఆలోచననే అంతర్జాలానికి అన్వయించారు. శాస్త్రవ్యాసాలలో ఒకరి పరిశోధనను మరొకరు ఉదహరించిన తీరును లెక్కించే పద్ధతి అప్పటికే ఉన్నది. దానిని వారు జాలపుటల లంకెలకు విస్తరింపజేశారు. ఈ గణనకు పేజ్‌ర్యాంక్ అని పేరు. 1998లో వారు స్థాపించిన గూగుల్ సంస్థ ఈ పునాదిపైనే ఎదిగింది.

ఈ గణనలోని విశేషం లంకెల సంఖ్యతో ఆగకపోవడం. లంకె ఎవరు ఇచ్చారన్నది ఇందులో ప్రధానం. అనేకులు మెచ్చిన పుట నుండి వచ్చిన ఒక్క లంకె, ఎవరూ ఎరుగని పుటల నుండి వచ్చిన పది లంకెలకంటే బరువైనది కావచ్చు. అంతేకాక, ఒక పుట తన విలువను తాను లంకె ఇచ్చిన పుటలన్నింటికీ సమానంగా పంచుతుంది. ఒక పుటకు 12 పాళ్ల విలువ ఉన్నదనుకుందాం. అది 3 పుటలకు మాత్రమే లంకె ఇస్తే ఒక్కొక్కదానికి 4 పాళ్లు చేరతాయి. అదే పుట 60 పుటలకు లంకెలు ఇస్తే ఒక్కొక్కదానికి దక్కేది పాలులో ఐదవ వంతే. అందరినీ పొగిడేవాని పొగడ్తకు విలువ తగ్గడం లోకంలో చూస్తున్నదే.

పుట విలువ దానికి లంకె ఇచ్చిన పుటల విలువపై, వాటి విలువ మరికొన్ని పుటల విలువపై ఆధారపడితే లెక్క ఎక్కడ మొదలుకావాలి? మొదట అన్ని పుటలకూ సమాన విలువను ఇచ్చి, లంకెల వెంట పంచి, వచ్చిన ఫలితాన్ని మళ్లీ పంచుతారు. ఇలా పదేపదే చేయగా ఒక దశలో విలువలు స్థిరపడతాయి. దీనిని రూపకర్తలు ఒక బాటసారి నడకతో పోల్చి వివరించారు. అతడు ఒక పుటలోని లంకెను పట్టుకొని మరొక పుటకు, అక్కడినుండి ఇంకొక పుటకు సాగుతాడు. నూటికి 85 వంతులు లంకెల వెంటనే నడుస్తాడు. మిగిలిన 15 వంతులు విసుగు చెంది ఏదో ఒక కొత్త పుటకు గెంతుతాడు. ఎంతో కాలం సాగే ఈ నడకలో అతడు ఏ పుటకు ఎక్కువసార్లు చేరుకొంటాడో ఆ పుటకు విలువ ఎక్కువ. పది బాటలు కలిసే అంగడివీధికి జనం చేరడం, బాటలేని గుడికి చేరకపోవడం వంటిదే ఇది.

ఆ కాలంలోనే జాన్ క్లైన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త పుటలలో రెండు గుణాలను గుర్తించాడు. విషయాన్ని స్వయంగా చెప్పే ప్రామాణిక పుటలు కొన్ని. అటువంటి వాటికి దారిచూపే కూడలి పుటలు కొన్ని. మంచి కూడలి మంచి ప్రమాణాలను చూపుతుంది; మంచి ప్రమాణాన్ని అనేక కూడళ్లు చూపుతాయి. ఈ రెండూ పరస్పరాశ్రయాలు.

లంకె మీది మాట

లంకె ఉన్న మాటలకు కూడా ప్రాధాన్యం ఉన్నది. 'ఇక్కడ నొక్కండి' అని రాసి లంకె ఇస్తే అవతలి పుటలో ఏమున్నదో యంత్రానికి ఆ మాటల వలన బోధపడదు. 'సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రి ఎరకేశ్వరాలయం' అని రాసి లంకె ఇస్తే, ఆ పుట చెట్టును గురించినది కాదని, గుడిని గురించినదని తెలుస్తుంది. ఒకే పేరుగల విషయాలను వేరుపరచడానికి తెలుగు వికీపీడియాలో అయోమయ నివృత్తి పుటలు ఉండడం ఇందువల్లనే. పేరు ఒకటే అయినప్పుడు విశేషణమే దారి చూపుతుంది.

ఈ శక్తిని వేళాకోళానికి వాడినవారూ ఉన్నారు. 2003లో కొందరు కూడబలుక్కొని, ఘోర వైఫల్యం అనే అర్థమిచ్చే ఆంగ్ల పదాలకు నాటి అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్ జీవిత వివరాల పుటను లంకెగా చేర్చారు. కొద్దికాలానికే ఆ పదాలతో వెదికినవారికి ఆ పుట మొదటి స్థానంలో కనిపించసాగింది. ఆ పుటలో ఆ మాటలు లేనేలేవు. 2007లో గూగుల్ తన గణనను సవరించి ఇటువంటి చేష్టలను చాలావరకు అరికట్టింది.

కొన్న సాక్ష్యం

సాక్ష్యానికి విలువ ఏర్పడగానే కూటసాక్ష్యం పుడుతుంది. లంకెలను అమ్మేవారు, కొనేవారు బయలుదేరారు. లంకెలు ఇవ్వడం కోసమే వేలకొద్దీ ఉత్తుత్తి పుటలను సృష్టించారు. అమెరికాలోని జె.సి. పెన్నీ అనే పెద్ద వ్యాపార సంస్థకు సంబంధంలేని అనేక పుటల నుండి లంకెలు ఉన్నట్లు 2011లో న్యూయార్క్ టైమ్స్ పత్రిక వెల్లడించింది. వాటి బలంతో ఎన్నో వస్తువుల పేర్లకు ఆ సంస్థ పుట ముందు నిలిచింది. విషయం బయటపడగానే గూగుల్ దాని స్థానాన్ని బాగా కిందికి దించింది.

2005లోనే లంకెకు ఒక గుర్తును జతచేసే పద్ధతి వచ్చింది. దారి మాత్రమే చూపుతున్నామని, మెచ్చుకోలుగా దానిని లెక్కించవద్దని యంత్రానికి చెప్పడం ఆ గుర్తు ప్రయోజనం. 2012లో గూగుల్ ప్రవేశపెట్టిన పెంగ్విన్ అనే సవరణ కృత్రిమ లంకెలతో ఎదిగిన పుటలను వెనుకకు నెట్టింది. 2016 నుండి అటువంటి లంకెలకు విలువ ఇవ్వకుండా విడిచిపెట్టడమే దాని ప్రధాన పద్ధతి అయింది. నేడు వరుసను నిర్ణయించేది లంకెలు ఒక్కటే కాదు. పుటలోని విషయం, భాష, నవ్యత, వెదికేవారున్న ప్రాంతం మొదలైన అనేక అంశాలను యంత్రం పరిశీలిస్తుంది. పూర్వంతో పోలిస్తే లంకెల ప్రాధాన్యం తగ్గినదే కాని తొలగిపోలేదు.

ముందున్నదే ముందుకు

ఇంతవరకు చెప్పిన మోసాలేవీ లేకపోయినా ఈ పద్ధతిలో సహజమైన ఒక లోపం ఉన్నది. జనులు ముందు కనిపించిన పుటనే చదువుతారు. చదివిన పుటకే తమ రాతలలో లంకె ఇస్తారు. ఆ లంకెతో అది మరింత ముందుకు జరుగుతుంది. వెనుకనున్న పుటను చూసేవారే లేనప్పుడు దానికి సాక్ష్యం చెప్పేవారెవరు?

పాలమూరు మర్రికి చెదలు పట్టినప్పుడు అధికారులు 2018లో రోగికి సెలైను ఎక్కించినట్లు సీసాలతో మందును చుక్కలు చుక్కలుగా కొమ్మలలోకి పంపారు. ఆ చిత్రాన్ని దేశవిదేశాల పత్రికలు ప్రచురించాయి. వార్త అలా వ్యాపించిన కొద్దీ ఆ వృక్షాన్ని గురించిన పుటలకు ఎన్నో దిక్కుల నుండి లంకెలు ఏర్పడడం సహజం. సూర్యాపేట సమీపంలోని ఆలయాలకు అటువంటి సంచలన వార్త లేదు. అవి ఎనిమిది శతాబ్దాలుగా అక్కడే ఉన్నాయి. శాసనాలతో, శిల్పాలతో ఉన్నాయి. వార్తకు ఎక్కినది లంకెలను పొందుతుంది. నిలకడగా నిలిచి ఉన్నది పొందకపోవచ్చు. లంకెల లెక్క లోకం దేనిని చెప్పుకొంటున్నదో చెబుతుంది. దేనికెంత విలువ ఉన్నదో తేల్చడం ఆ లెక్కకు సాధ్యమయ్యే పని కాదు.

ఈ భేదాన్ని గ్రహించకపోతే ఏమవుతుందో తెలంగాణ సాహిత్య చరిత్ర ఒకసారి చవిచూసింది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు లేరని ఒక పండితుడు 1930వ దశకంలో తేల్చివేశాడు. కవులు లేకపోవడం అందుకు కారణం కాదు. వారి పేర్లు బయటి గ్రంథాలలో, పత్రికలలో కనిపించకపోవడమే కారణం. ఉల్లేఖన లేనంత మాత్రాన ఉనికే లేదనడం తార్కిక దోషం. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి దానికి ఆగ్రహంతో కూడిన వ్యాసంతోనే సరిపుచ్చలేదు. తాను సంపాదకుడుగా ఉన్న గోలకొండ పత్రిక ద్వారా ఊరూరి కవుల నుండి పద్యాలను, వివరాలను సేకరించాడు. 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక 1934లో వెలువడింది. ఆ సంచిక నేటి పరిభాషలో ఒక గొప్ప కూడలి పుట. అంతవరకు ఎవరి ఊరిలో వారికే తెలిసిన కవులకు అది దారి వేసింది. తరువాతి పరిశోధకులు ఆ దారినే నడిచారు. ఇదే ప్రతాపరెడ్డి రచించిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర, తెలుగులో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన తొలి గ్రంథమైంది.

అంతర్జాలంలో నేటి విద్యార్థి చేయదగిన పని కూడా ఇటువంటిదే. తన ఊరి గుడిని, చెరువును, నేతపనిని, కవిని గురించి తెలిసిన సత్యాన్ని తెలుగులో రాయాలి. శాసనం ఉంటే దాని పాఠం ఎక్కడ ప్రకటితమైనదో చెప్పాలి. అదే విషయాన్ని శ్రద్ధగా రాసిన ఇతరుల పుటలకు, విషయాన్ని స్పష్టంగా తెలిపే మాటలతో లంకె ఇవ్వాలి. చదవని పుటకు లంకె ఇవ్వరాదు; తెలియని విషయానికి సాక్ష్యం పలకడం కూటసాక్ష్యమే. వెదికేటప్పుడు మొదటి పుటతో తృప్తిపడక, వెనుకనున్న పుటలను కూడా తెరిచి చూడాలి. ఊరిపేరుతోపాటు మండలం పేరు, ఆలయం పేరు జోడించి మళ్లీ వెదకాలి. ఈ పుట ముందు ఎందుకున్నది, దీనికి సాక్ష్యం చెప్పినవారెవరు అని ప్రశ్నించుకోవాలి.

మర్రిచెట్టు ఊడలు నేలను తాకిన తరువాత అవే మానులై కొమ్మలను మోస్తాయి. పాలమూరు మర్రి అంత దూరం వ్యాపించి నిలవడానికి కారణం అదే. తెలుగులో రాసిన ఒక మంచి పుటకు ఎరిగినవారు ఇచ్చే ప్రతి లంకె అటువంటి ఊడ. అది నేలను తాకేది సత్యంపై నిలిచినప్పుడే.

అభ్యాసం

అ) కఠిన పదాలకు అర్థాలు

అవతారిక = కావ్యం మొదట ఉండే పీఠిక
ఆప్తుడు = నమ్మదగినవాడు
ఉల్లేఖన = పేర్కొనడం
కూటసాక్ష్యం = అబద్ధపు సాక్ష్యం
పరస్పరాశ్రయాలు = ఒకదానిపై ఒకటి ఆధారపడినవి
వటవృక్షం = మర్రిచెట్టు
సామంతుడు = చక్రవర్తికి లోబడిన రాజు

ఆ) సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.

1. తనను గురించి తాను చెప్పుకొన్న మాట ఎంత పెద్దదైనా సాక్ష్యం కాజాలదు.
2. పేరు ఒకటే అయినప్పుడు విశేషణమే దారి చూపుతుంది.
3. ఉల్లేఖన లేనంత మాత్రాన ఉనికే లేదనడం తార్కిక దోషం.

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.

1. పిల్లలమర్రి ఆలయాలను నిర్మింపజేసినవారు ఎవరు?
2. పేజ్‌ర్యాంక్ గణనను రూపొందించినవారు ఎవరు?
3. గోలకొండ కవుల సంచిక ఎప్పుడు వెలువడింది?

ఈ) సంగ్రహ సమాధానాలు రాయండి.

1. లంకెను పూర్వకవి స్తుతితో పోల్చడంలోని ఔచిత్యాన్ని వివరించండి.
2. బాటసారి నడక ద్వారా పుటల విలువను ఎలా నిర్ణయిస్తారు?
3. లంకెల విషయంలో కూటసాక్ష్యాన్ని అరికట్టడానికి జరిగిన ప్రయత్నాలను తెలపండి.

ఉ) వ్యాసరూప సమాధానం రాయండి.

1. శోధనలో ముందు కనిపించినదే ప్రధానమనే అభిప్రాయాన్ని పాఠం ఆధారంగా విమర్శించండి.

ఊ) సంధులు, సమాసాలు

అంతర్జాలం = అంతః + జాలం - విసర్గ సంధి
ఎరకేశ్వర = ఎరక + ఈశ్వర - గుణసంధి
ప్రత్యక్షం = ప్రతి + అక్షం - యణాదేశ సంధి
పూర్వకవులు = పూర్వులైన కవులు - విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
దేశవిదేశాలు = దేశమును, విదేశమును - ద్వంద్వ సమాసం

ఋ) ప్రాజెక్టు పని

మీ మండలంలోని ఒక పురాతన కట్టడం పేరుతో అంతర్జాలంలో వెదకండి. కనిపించిన మొదటి పది పుటలలో ఎన్ని తెలుగులో ఉన్నాయో, ఎన్నింటిలో ఆధారాలు పేర్కొన్నారో పట్టిక రూపంలో రాయండి. ఆ కట్టడాన్ని స్వయంగా దర్శించి, పుటలలో లేని వివరాలను ఒక పుటకు మించకుండా రాసి తరగతిలో చదవండి.